హిరణ్యకశిపుని అంతము: ఔచిత్యము

నల్లమల కొండలలోని అహోబిలమున, హిరణ్యకశిపుని కూల్చుటకు నరసింహుడు వెలువడిన ఉగ్రస్తంభమని యాత్రికులు కొలుచు నిట్టనిలువు రాతిశిఖరము నెదుట నిలిచినప్పుడు, నేటి ధారావాహికల ప్రేక్షకులు అడుగు ప్రశ్నయే మనకును తోచును: కథనంతయు తన భుజములపై మోసిన ప్రతినాయకునకు ఇంత ఘోరమైన ముగింపు తగునా?

1967 నాటి ‘భక్త ప్రహ్లాద’ చిత్రమున ఎస్.వి. రంగారావు హిరణ్యకశిపుని కేవలము రాక్షసునిగా గాక, పుత్రవాత్సల్యమును వీడజాలని తండ్రిగా గూడ నిలిపినందున, ఆ పతనము మన హృదయమును కలచివేయును.

అయినను, పగలు గాని రేయి గాని, ఇంట గాని వెలుపల గాని, నరునిచే గాని మృగముచే గాని చావు లేకుండ వరము గొన్నవాడు సంధ్యవేళ, గడపపై, నరసింహుని గోళ్లచే కూలుట, అతని తెలివియే అతనికి ఉరియైన తీరును చూపుచున్నది. పైగా శాపగ్రస్తుడైన వైకుంఠ ద్వారపాలకుడగుటచే, ఆ చావు విముక్తికి తొలిమెట్టు. కనుక దారుణమైనను, ఆ ముగింపు ఆ పాత్రకు ముమ్మాటికి తగినదే.