పాత బండికి సరైన బెల్టు

కేసీ కాలువ నీళ్లతో వరి పండే నంద్యాలలో బెల్టు అనగానే గుర్తొచ్చేది రైస్‌మిల్లు. ఆళ్లగడ్డ వైపు వెళ్తే ట్రాక్టరు, ఎక్కడైనా ఒక పాత అంబాసిడర్. ఈ దారిలో స్పోర్ట్స్ కారు కనిపించడం అరుదు. 1990ల చివర్లో గోవాలో తయారైన సాన్ స్టార్మ్ లాంటిది ఎవరి షెడ్డులోనైనా ఉన్నా, దుకాణంలో బండి పేరొక్కటే చెబితే పని జరగదు. ఏసీ ఉన్న కారుకీ లేని కారుకీ మోడల్ ఒకటే అయినా బెల్టు పొడవు మారవచ్చు.

అడగాల్సింది బెల్టు వీపు మీది అంకె. 6పీకే1200 అంటే ఆరు గీరల బెల్టు, పొడవు 1200 మిల్లీమీటర్లు. మిల్లు మోటార్ల వీ-బెల్టు మీద బీ52 అని ఉంటే, పై వెడల్పు 17 మిల్లీమీటర్లు, మందం 11, లోపలి చుట్టుకొలత 52 అంగుళాలు.

అంకె చెరిగిపోతే? పాత బెల్టు సాగి ఉంటుంది, దాని కొలతను పూర్తిగా నమ్మలేం. ఆల్టర్నేటర్‌ను ఇంజన్ వైపు జరిపి, పుల్లీల చుట్టూ తాడు చుట్టి కొలవడం మేలు. తాడు గాడి పైఅంచుకు సమంగా ఉండాలి. అలా వచ్చేది బయటి కొలత. బీ రకానికి లోపలిదానికన్నా సుమారు 69 మిల్లీమీటర్లు ఎక్కువ.

వీ-బెల్టు పట్టు పక్కలతోనే. గాడి అడుగు మెరుస్తుంటే బెల్టు కిందికి దిగి జారుతోందన్నమాట. బహుశా పుల్లీయే అరిగింది. అప్పుడు ఎన్ని కొత్త బెల్టులు కొన్నా డబ్బు దండగే. ఒకే పుల్లీ మీద నాలుగు బెల్టులుంటే, తెగింది ఒకటే అయినా నాలుగూ మార్చాలి. లేదంటే బరువంతా పొట్టిగా ఉన్న కొత్తదాని మీదే పడుతుంది.