సూది పేరు అడగండి, చీటీ దాచుకోండి

(షోలాపూర్ తూర్పు భాగంలో జరిగిన మిల్లు, సాంచా కార్మికుల సభలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



బోనస్ సంగతి మాట్లాడతానని మీరు అనుకొని ఉంటారు. అది వచ్చే సభలో. ఈ రోజు ఒక సూదిమందు గురించి చెబుతాను. నేను డాక్టరును కాను. పదో తరగతి చదివి, రింగు ఖాతాలో బదిలీ కార్మికుడిగా చేరినవాణ్ణి. మిల్లు మూతపడ్డాక సాంచాలు నడిపాను. ఈ మందు నా ఒంట్లోకీ ఎక్కింది, నా తోటివాళ్ల ఒళ్లలోకీ ఎక్కింది. అందుకే డాక్టర్లను అడిగి, మందు డబ్బాలో ఉండే కాగితాన్ని చదివించుకొని, తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాను.

పాళీ అంతా సాంచా దగ్గర నిలబడేవాడికి మోకాలు నొస్తుంది. పొద్దంతా కింద కూర్చొని బీడీలు చుట్టే అక్కకు నడుము, మెడ పట్టేస్తాయి. ఒకరోజు నాగా పెడితే ఆనాటి పగారు పోయినట్టే. అందుకని పని దిగగానే గల్లీ దవాఖానాకు పోతాం. "డాక్టర్ సాబ్, జోరుదైన సూది ఒకటి వెయ్యండి, రేపు పనికి పోవాలె" అంటాం. ఆయన వేస్తాడు. తెల్లారేసరికి నొప్పి మాయం. "ఆయన హస్తవాసి మంచిది" అని పదిమందికి చెబుతాం. చాలాసార్లు ఆ హస్తవాసి వెనక ఉన్నది స్టెరాయిడ్ మందు.

స్టెరాయిడ్ అంటే ఏమిటి? మన మూత్రపిండాల మీద టోపీల్లా రెండు అడ్రినల్ గ్రంథులుంటాయి. జబ్బుకు, దెబ్బకు ఒళ్లు తట్టుకోవడానికి అవి కార్టిసాల్ అనే రసం తయారు చేస్తాయి. దాన్ని పోలినదే ఈ మందు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే డాక్టరు కీళ్లవాతంతో మంచాన పడ్డ రోగికి మొదటిసారి ఇటువంటి మందు ఇస్తే, కొద్ది రోజుల్లోనే ఆ రోగి లేచి నడిచింది. 1950లో ఆయనకూ మరి ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. కాబట్టి ఇది చెడ్డ మందు అని నేను అనడం లేదు.

ఉబ్బసం ముదిరి ఊపిరాడని మనిషిని ఆసుపత్రిలో ఈ సూది కాపాడుతుంది. నెలలు నిండకముందే నొప్పులు వచ్చిన తల్లికి డెక్సామెథాసోన్ గాని బీటామెథాసోన్ గాని ఇస్తే, పుట్టబోయే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడతాయి. 2020లో కోవిడ్ వచ్చి ఆక్సిజన్ మీద ఉన్నవారిలో చావులను తగ్గించిందీ చవకైన ఈ డెక్సామెథాసోనే. వాచిన కీలులో ఎముకల డాక్టరు ట్రయామ్సినలోన్ గాని మిథైల్ ప్రెడ్నిసొలోన్ గాని వేస్తే కొన్ని వారాలపాటు నొప్పి తగ్గుతుంది. అయితే ఈ అన్నిటిలోనూ జబ్బు తేల్చుకున్నాకే మందు. ఎంత, ఎక్కడ, ఎన్నిసార్లు అన్నదానికి లెక్క ఉంటుంది. మన గల్లీ సూదికి లేనిది ఆ లెక్కే.

మాతో సాంచా నడిపిన ఒక అన్న సంగతి చెబుతాను. నడుము నొప్పికి నాలుగేళ్లపాటు వారానికో, పదిరోజులకో సూది వేయించుకున్నాడు. ముఖం గుండ్రంగా ఉబ్బింది. "ఒళ్లు చేశావే" అని మేమే నవ్వాం. అది ఒళ్లు కాదు, మందు. తర్వాత తుంటిలో నొప్పి, కుంటు మొదలయ్యాయి. పెద్దాసుపత్రిలో ఫోటో తీస్తే, తుంటి బంతికి రక్తం అందక ఎముక చచ్చిపోయిందన్నారు. తాగుడు వల్ల కూడా ఇలా అవుతుందట. ఆయనకు ఆ అలవాటు లేదు. "ఇన్నేళ్లు వేసిన సూదులు ఏమిటి?" అని అక్కడి డాక్టరు అడిగితే, చూపించడానికి అన్న దగ్గర ఒక్క చీటీ కూడా లేదు. ఆపరేషన్ చేసి కీలు మార్చారు. మళ్లీ సాంచా దగ్గర నిలబడలేదు.

నా సంగతీ చెప్పాలి. భుజం పట్టేస్తే ఎముకల డాక్టరు కీలులో ఒక సూది వేశాడు. పద్ధతిగానే వేశాడు, గుణం కూడా కనిపించింది. కాని నాకు షుగరు ఉందని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. నాలుగు రోజులు షుగరు 300 దాటింది. ఒకే ఒక్క సూదికి!

ఇంకా ఏమవుతుందో వినండి. రక్తపోటు పెరుగుతుంది, నిద్ర పట్టదు, మనసు చిరాకు పడుతుంది. ఆడవాళ్లకు నెలసరి తప్పవచ్చు. సూది వేసిన చోట చర్మం తెల్లబడి గుంట పడవచ్చు. మాటిమాటికీ వేస్తే ఎముకలు గుల్లబారతాయి, కంట్లో శుక్లాలు, నీటికాసులు వస్తాయి. ఒకే కీలులో పదేపదే వేస్తే కీలు అరుగుతుంది, కండరాన్ని ఎముకకు కట్టే తాడు తెగవచ్చు. అందుకే ఒక కీలుకు రెండు సూదుల మధ్య కనీసం మూడు నెలలు ఆగాలని, ఏడాదికి మూడు నాలుగు మించకూడదని డాక్టర్లు అంటారు.

మరొకటి, ఈ మందు జబ్బును దాచిపెడుతుంది. జ్వరం తగ్గినట్టుంటుంది, లోపల క్రిమి పెరుగుతుంది. అణగి ఉన్న క్షయ మళ్లీ లేస్తుంది. పత్తి దుమ్ములో బతికి దగ్గుతున్నవాళ్లు, కళ్లె పరీక్ష చేయించుకోకుండా ఈ సూదికి చెయ్యి చాపకండి. 2021లో నల్ల ఫంగస్ వచ్చి ఎందరో కన్ను పోగొట్టుకున్నారు. అదుపు తప్పిన షుగరు, విచ్చలవిడిగా వాడిన స్టెరాయిడ్ అందుకు ముఖ్య కారణాలని తేలింది.

ఒక మాట జాగ్రత్తగా వినండి. నా ప్రసంగం విని రేపే మందు ఆపేయకండి. బయటి నుంచి మందు వస్తూంటే మన గ్రంథులు పని మానేస్తాయి. మిల్లులో పని లేక చాలాకాలం ఆగిన యంత్రం స్విచ్చి వెయ్యగానే తిరగదు కదా, ఇదీ అంతే. ట్రయామ్సినలోన్ పెద్ద మోతాదు పిర్రకు ఒక్కటి వేసినా, గ్రంథులు మామూలుకు రావడానికి 30, 40 రోజులు పట్టవచ్చు. ఎన్నో నెలలుగా సూదులు, బిళ్లలు వాడినవాళ్లు ఒక్కసారి మానితే నీరసం, వాంతులు, కళ్లు తిరిగి పడిపోవడం, ఒక్కోసారి ప్రాణాపాయం కూడా. డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లమెల్లగా తగ్గించుకోవాలి.

మరి మనం చేయవలసిందేమిటి? సూది వేసేముందు అడగండి: దీని పేరేమిటి, ఇది స్టెరాయిడా, ఎంత మోతాదు, మళ్లీ ఎప్పుడు? అడిగితే కోప్పడే డాక్టరు దగ్గర సూదే వద్దు. షుగరు, రక్తపోటు, కడుపులో పుండు, క్షయ, గర్భం ఉంటే ముందే చెప్పండి. కొత్త సిరంజి మీ ముందే విప్పమనండి. ఇది డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. దుకాణంలో కొని కాంపౌండరు చేత వేయించుకోకండి. ట్రయామ్సినలోన్ పాలలా తెల్లగా ఉంటుంది, దాన్ని రక్తనాళంలోకి ఎక్కించకూడదు. డెక్సామెథాసోన్ నీళ్లలా ఉంటుంది కాబట్టి రంగు చూసి మోసపోకండి, పేరు రాయించుకోండి. కీలులో సూది పడ్డాక ఒకటి రెండు రోజులు నొప్పి పెరిగితే భయం లేదు. కీలు ఎర్రబడి వాచి జ్వరం వస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. అది చీము పట్టిన గుర్తు కావచ్చు.

చివరగా మన అసలు సంగతి. మనం సూది అడిగేది నొప్పికి కాదు, నాగాకు భయపడి. ఇ.ఎస్.ఐ. ఉన్న కార్మికుడికి, చందా రోజులు నిండితే, జబ్బు సెలవులో ఏడాదికి 91 రోజుల దాకా సగటు కూలిలో 70 శాతం వస్తుంది. అది దానం కాదు, మన జీతంలో కోసిన చందా. చందా కోసి కార్డు ఇవ్వని యజమాని ఉంటే పేరు మాకు చెప్పండి. కార్డు లేని సాంచా కార్మికులకు కార్డు కావాలని, నిలబడి పనిచేసేవాళ్లకు మధ్యలో కూర్చునే బల్ల, విరామం కావాలని ఈ సభ నుంచే అడుగుదాం.

వచ్చే ఆదివారం మీ ఇంట్లో ఉన్న సూదుల చీటీలు, ఖాళీ డబ్బాలు ఆఫీసుకు తీసుకురండి. చదివి చెప్పడానికి ఒక డాక్టరు ఒప్పుకున్నారు. చీటీ లేనివాళ్లు ఊరికే రండి, ఇకముందు దాచుకోవడానికి ఒక్కొక్కరికి ఒక్కో పుస్తకం ఇస్తాం.