పారిస్ నుంచి అమ్మ ఉత్తరం

1671 ఫిబ్రవరిలో ఫ్రాన్సులో ఒక యువతి పారిస్ వదిలి, దక్షిణాన ప్రొవాన్స్‌కు బండి ఎక్కింది. భర్తకు అక్కడ పెద్ద ఉద్యోగం. మూడు నెలల పాప మాత్రం అమ్మమ్మ దగ్గరే ఉండిపోయింది. మనమ్మాయిలు బిడ్డను అమ్మకు అప్పగించి పరాయి ఊళ్లకు వెళ్లడం చూస్తూనే ఉన్నాం కదా!

ఆ అమ్మమ్మే మదాం ద సెవిన్యే. కూతురు దారిలో ఉండగానే ఉత్తరాలు మొదలుపెట్టింది. అప్పట్లో తపాలా వారంలో కొన్ని రోజులే బయలుదేరేది. ఉత్తరం చేరడానికి రోజులు పట్టేవి, జవాబుకు మరిన్ని రోజులు. అందుకే ఆవిడ జవాబు కోసం ఆగకుండా రాస్తూ పోయేది. పాప ముచ్చట్లు, చుట్టాల కబుర్లు, ఆరోగ్యం జాగ్రత్తలు, ఇంకా కొడుకు షార్ల్ ప్రేమ వ్యవహారాలు! తమ్ముడి గుట్టు అక్కకు అంత విప్పి చెప్పిన తల్లి అరుదే. రాజుగారి విందుకు చేపలు అందలేదని వంటల అధికారి వతెల్ ఆత్మహత్య చేసుకున్న ఉదంతం కూడా ఆ ఏప్రిల్‌లోనే కూతురికి రాసింది. ఇప్పుడు చరిత్రకారులు ఆ సంగతి కోసం చూసేది ఈ ఉత్తరాన్నే.

తల్లీకూతుళ్లు మధ్యమధ్య కలిసి ఉన్నా, దూరమైనప్పుడల్లా ఉత్తరాలు సాగాయి. 1696లో ఆవిడ కూతురింట్లోనే, గ్రిన్యాన్ కోటలో కన్నుమూసింది. తర్వాత ఉత్తరాలు అచ్చయి ఫ్రెంచి సాహిత్యంలో చోటు సంపాదించాయి. కూతురు రాసిన జవాబులు మాత్రం మనకు మిగల్లేదు.