బైపాస్‌లో ఇచ్చే మత్తు గ్యాస్ గుండెను కాపాడుతుందా? ట్రోపోనిన్ నంబర్ ఏం చెప్తుంది, ఏం చెప్పదు

ఈ రోజు టాపిక్ కొంచెం లోతుగా ఉంటుంది. కానీ ఇంట్లో నాన్నకో, మామయ్యకో, పెదనాన్నకో బైపాస్ అయినవాళ్లకి, త్వరలో కాబోతున్నవాళ్లకి ఇది పనికొస్తుంది. కాబట్టి స్కిప్ చేయకుండా వినండి.

నేను మత్తు డాక్టర్ని. ఆపరేషన్ థియేటర్‌లో పేషెంట్ తల దగ్గర నిలబడే మనిషిని. సర్జన్ పేరు ఇంటిల్లిపాదికీ గుర్తుంటుంది, మా పేరు బిల్లులో మాత్రమే కనపడుతుంది, అది వేరే సంగతి. నాకు రెండు రకాల మెసేజ్‌లు తరచుగా వస్తుంటాయి. మొదటిది ల్యాబ్ రిపోర్ట్ ఫోటో. "సార్, నిన్న నాన్నకి బైపాస్ అయ్యింది, ట్రోపోనిన్ 3,000 వచ్చింది, నార్మల్ 26 లోపు అని రాసుంది, మళ్లీ హార్ట్ ఎటాక్ వచ్చిందా?" అని. రెండోది ఒక రీల్ లింక్. "మత్తు గ్యాస్ గుండెకి రక్షణ అంటున్నారు, మనం ఆ గ్యాసే ఇవ్వమని అడగాలా?" అని.

చూడ్డానికి ఈ రెండు ప్రశ్నలకీ సంబంధం లేదు. కానీ రెండింటి వెనకా ఉన్న విషయం ఒకటే: రక్తంలో ఒక నంబర్ తగ్గితే మనిషి బాగున్నట్టేనా? దీని మీద ముప్పై ఏళ్లకి పైగా డాక్టర్లు పని చేశారు.

ముందు ట్రోపోనిన్ అంటే ఏంటో చూద్దాం. గుండె కండరం ముడుచుకోవడానికి సాయపడే ఒక ప్రోటీన్ అది. మామూలుగా కణం లోపలే ఉంటుంది. కణం దెబ్బతింటే రక్తంలోకి వస్తుంది. ఇంటి గోడలో ఇటుక అనుకోండి. వీధిలో ఇటుక ముక్కలు కనపడితే ఎక్కడో గోడ పగిలిందని అర్థం. కానీ ఆ గోడని దొంగ పగలగొట్టాడా, కొత్త తలుపు పెట్టడానికి మేస్త్రీ పగలగొట్టాడా అన్నది ఇటుక ముక్క చెప్పదు కదా.

బైపాస్‌లో జరిగేది మేస్త్రీ పనే. హార్ట్ లంగ్ మెషిన్ మీద చేసే ఆపరేషన్‌లో అయోర్టాకి, అంటే గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళానికి, క్లాంప్ వేస్తారు. పొటాషియం ఎక్కువగా ఉన్న ద్రావణం, చాలాసార్లు చల్లగా, గుండెలోకి పంపి కొట్టుకోవడం ఆపేస్తారు. ఆగిన గుండె మీద కాలి సిరనో, ఛాతీ లోపలి ధమనినో తెచ్చి కుడతారు. తర్వాత క్లాంప్ తీస్తే రక్తం మళ్లీ ఒక్కసారిగా లోపలికి వస్తుంది. ఆ ఆగడం వల్లా నష్టమే, ఆ తిరిగి రావడం వల్లా కొంత నష్టమే. పైగా గుండెని చేత్తో ఎత్తడం, పక్కకి తిప్పడం, గొట్టాల కోసం కోయడం, ఇవన్నీ ఉంటాయి. మన దేశంలో గుండె కొట్టుకుంటుండగానే చేసే బైపాస్‌లు చాలా ఎక్కువ. వాటిలో ట్రోపోనిన్ సాధారణంగా తక్కువే పెరుగుతుంది, కానీ పెరగకుండా మాత్రం ఉండదు.

మరి ఎంత పెరిగితే భయపడాలి? 2022లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పెద్ద స్టడీ వచ్చింది. 13,862 మంది గుండె ఆపరేషన్ పేషెంట్లలో ట్రోపోనిన్ ఐ కొలిచి, ఎంత దాటితే 30 రోజుల్లో చనిపోయే ప్రమాదం పెరుగుతోందో చూశారు. బైపాస్ ఒక్కటే, లేదా అయోర్టిక్ వాల్వ్ మార్పిడి ఒక్కటే చేసుకున్నవాళ్లలో, ఆపరేషన్ తర్వాత మొదటి రోజుకి ఆ గీత ఎక్కడ పడిందో తెలుసా? లీటరుకి 5,670 నానోగ్రాముల దగ్గర. అంటే నార్మల్ పరిమితికి 218 రెట్లు! బయట గుండెనొప్పితో క్యాజువాలిటీకి వచ్చిన మనిషికి వాడే కొలబద్ద వేరు, నిన్న ఛాతీ తెరిచి గుండె మీద కుట్లు వేయించుకున్న మనిషికి వాడే కొలబద్ద వేరు. రిపోర్ట్‌లో "హై" అని ఎర్ర అక్షరాలు ప్రింట్ చేసే మెషిన్‌కి ఆ తేడా తెలియదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ 5,670 అన్నది ఆ స్టడీలో వాడిన టెస్ట్‌కి వచ్చిన నంబర్. ట్రోపోనిన్ ఐ వేరు, ట్రోపోనిన్ టి వేరు, కంపెనీ మారితే కూడా అంకె మారుతుంది. యూనిట్ కూడా చూడాలి, ఒక ల్యాబ్ 5,670 అని ఇస్తే ఇంకో ల్యాబ్ అదే విలువని 5.67 అని ఇవ్వొచ్చు. అందుకే పక్క బెడ్ అంకుల్ రిపోర్ట్‌తో పోల్చుకోకండి. ఐసీయూ డాక్టర్ కూడా అంకె ఒక్కటే చూసి నిర్ణయించరు. ఈసీజీ మారిందా, ఎకోలో ఏదైనా గోడ కదలడం మానేసిందా, బీపీ నిలబడుతోందా, అంకె ఇంకా ఎగబాకుతోందా, ఇవన్నీ కలిపి చూస్తారు. అలా అని 3,000 అంటే నిశ్చింతగా ఉండొచ్చని నేను అనట్లేదు. ఆ అంకె చూసి ఏడవక్కర్లేదు అంటున్నాను, అంతే.

ఇప్పుడు గ్యాస్ సంగతికి వద్దాం. అసలు కథ ఇక్కడే ఉంది.

బైపాస్‌కి మత్తు రెండు దారుల్లో ఇవ్వొచ్చు. ఒకటి పీల్చే మందు: సెవోఫ్లురేన్, ఐసోఫ్లురేన్, డెస్‌ఫ్లురేన్. మా మెషిన్ మీద వీటికి వేపరైజర్లుంటాయి, సెవోకి పసుపు రంగు, ఐసోకి ఊదా, డెస్‌కి నీలం. రెండోది సిరలోకి ఎక్కించే మందు, ముఖ్యంగా ప్రోపోఫాల్, పాలలా తెల్లగా ఉంటుంది. రెండింటితోనూ పేషెంట్‌కి తెలివి ఉండదు.

1986లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో మర్రీ, జెన్నింగ్స్, రీమర్ అనే పరిశోధకులు కుక్కల మీద ఒక ప్రయోగం చేశారు. గుండె రక్తనాళాన్ని 5 నిమిషాలు మూసి, 5 నిమిషాలు వదిలి, అలా నాలుగుసార్లు చేసి, ఆ తర్వాత 40 నిమిషాలు మూశారు. ముందు అలా దెబ్బ తిన్న గుండెకి నష్టం ఎక్కువ ఉండాలి కదా? తక్కువుంది. కొంచెం కాదండీ, మామూలు గుండెలో చచ్చిన కండరంలో నాలుగో వంతే! చిన్న చిన్న దెబ్బలతో గుండె పెద్ద దెబ్బకి సిద్ధమైపోతోందన్నమాట. దీన్ని ప్రీకండిషనింగ్ అంటారు.

1997లో ఇంకో సంగతి బయటపడింది. రక్తనాళం మూయకుండా ఐసోఫ్లురేన్ పీల్పించినా కుక్కల గుండెలో అలాంటి రక్షణే కనపడింది. కణంలో పొటాషియం బయటికి వెళ్లే ఒక రకం తలుపులుంటాయి, శక్తి తక్కువైనప్పుడు తెరుచుకుంటాయి. గ్యాస్ ఆ తలుపుల్ని తెరవడానికి సాయం చేస్తోందని తేలింది. ఎలా తేలింది? గ్లిబెన్‌క్లమైడ్ ఇస్తే ఆ తలుపులు మూసుకుపోయి రక్షణ కూడా పోయింది. ఆ పేరు ఎక్కడో విన్నట్టుందా? మన ఇళ్లలో షుగర్‌కి చాలా ఏళ్లు వాడిన బిళ్లే అది.

ఇక మనుషుల వంతు. 2002 నుంచి బెల్జియంలో డి హర్ట్ అనే మత్తు డాక్టర్ బృందం బైపాస్ పేషెంట్లలో సెవోఫ్లురేన్‌ని ప్రోపోఫాల్‌తో పోల్చింది. సెవో తీసుకున్నవాళ్లలో ట్రోపోనిన్ తక్కువ పెరిగింది, గుండె కూడా మెరుగ్గా పని చేసింది. ఆ తర్వాత వరసగా చిన్న చిన్న స్టడీలు. కొన్నింటిలో ట్రోపోనిన్ తగ్గింది. ఒకదానిలో ట్రోపోనిన్, సీకే-ఎంబీ మారలేదు కానీ బీఎన్‌పీ తగ్గింది. 2007లో ఇటలీకి చెందిన లాండోని బృందం 22 స్టడీలు, 1,922 మంది పేషెంట్ల వివరాలు కలిపి లెక్కేసింది. గ్యాస్ వైపు మరణాలు 0.4 శాతం, ప్రోపోఫాల్ లాంటి సిర మందుల వైపు 1.6 శాతం. హార్ట్ ఎటాక్‌లు 2.4, 5.1.

అప్పట్లో మా ఫీల్డ్‌లో ఎంత ఉత్సాహమో చెప్పలేను. మత్తు ఇచ్చేవాళ్లే ప్రాణం కూడా కాపాడుతున్నారంటే మాకూ గర్వమే కదా. మీరు చూసిన రీల్ ఈ పాయింట్ దగ్గరే ఆగిపోయి ఉంటుంది.

కానీ ఆ శాతాల వెనక మనుషుల్ని లెక్కపెట్టండి. రెండు గ్రూపులూ కలిపితే చనిపోయినవాళ్లు ఇరవై మంది లోపే. నలుగురు అటు ఇటు అయితే కథ మారిపోతుంది. పైగా మంచి ఫలితం వచ్చిన చిన్న స్టడీలు అచ్చవుతాయి, ఏమీ తేలనివి చాలాసార్లు బీరువాలోనే ఉండిపోతాయి. 2009లో డి హర్ట్ 414 మందితో చేసిన స్టడీలో విచిత్రం చూడండి: ట్రోపోనిన్‌లో తేడా లేదు, కానీ ఏడాదిలో మరణాలు సెవో గ్రూపులో తక్కువ. నంబర్ ఒక మాట చెప్తోంది, మనుషుల లెక్క ఇంకో మాట చెప్తోంది. ఏది నమ్మాలి?

అందుకని లాండోని బృందమే పెద్ద పరీక్షకి దిగింది. తమ సొంత లెక్కని తామే పరీక్షకి పెట్టుకున్నారు, నాకు అది చాలా నచ్చిన విషయం. పేరు మిరియాడ్. 13 దేశాలు, 36 ఆసుపత్రులు, 5,400 మంది బైపాస్ పేషెంట్లు. సగం మందికి గ్యాస్, సగం మందికి పూర్తిగా సిర ద్వారా. చూసింది ట్రోపోనిన్ కాదు, ఏడాది తర్వాత మనిషి బతికున్నాడా లేదా అన్నది. 2019లో ఫలితం వచ్చింది. గ్యాస్ గ్రూపులో 2.8 శాతం మంది చనిపోయారు, సిర మందు గ్రూపులో 3.0. నెల రోజుల లెక్కలో 1.4, 1.3. హార్ట్ ఎటాక్‌లలో కూడా చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇక కొనసాగించినా ఏమీ తేలదని మధ్యలోనే ఆపేశారు.

మరి కుక్కల్లో అంత గొప్పగా పనిచేసింది ఇక్కడేమైంది? ఒక్క కారణం చెప్పడం కష్టం. ల్యాబ్‌లో కుక్క వయసులో ఉంది, ఆరోగ్యంగా ఉంది. మన పేషెంట్‌కి అరవై దాటి ఉంటాయి, షుగర్, బీపీ ఉంటాయి, పదేళ్లుగా బిళ్లలు వాడుతుంటాడు. షుగర్ ఎక్కువగా ఉండటమే ఆ రక్షణని తగ్గిస్తుందని ల్యాబ్ ప్రయోగాల్లో కనపడింది. ఇంకోటి, కార్డియోప్లీజియా ద్రావణం ఎలాగూ గుండెని కాపాడుతోంది. ఆపరేషన్‌లో ఇచ్చే నొప్పి మందులకీ కొంత ఇలాంటి గుణం ఉంది. ఇన్ని గొడుగుల కింద ఉన్నవాడికి ఇంకో గొడుగు పడితే ఎంత తేడా వస్తుంది? చేతికి బీపీ పట్టీ కట్టి బిగించి వదిలే ఇంకో రకం ప్రీకండిషనింగ్ కూడా 2015లో రెండు పెద్ద స్టడీల్లో ఇలాగే తేలిపోయింది.

జంతువుల్లో చూసి మనుషులకి చెప్పేయడం అనే కథలో మన హైదరాబాద్‌కీ ఒక పాత్ర ఉంది. 1888, 1889లలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చుతో, ఎడ్వర్డ్ లారీ అనే డాక్టర్ ఇక్కడ క్లోరోఫామ్ కమిషన్ నడిపించారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి, అంటే ఇప్పటి ఉస్మానియాకి ముందుది, ఆయన పని చేసిన చోటు. రెండోసారి లాన్సెట్ పత్రిక లండన్ నుంచి లాడర్ బ్రంటన్‌ని పంపితే ఆయన ఖర్చు కూడా నిజామే పెట్టుకున్నారు. వందల జంతువులకి క్లోరోఫామ్ ఇచ్చి చూసి, ముందు ఆగేది ఊపిరే, గుండె కాదు, కాబట్టి ఊపిరి మీద కన్నేస్తే చాలు అని తేల్చారు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆయన, తేలికపాటి క్లోరోఫామ్ మత్తులో గుండె లయ తప్పి నేరుగా ఆగిపోవచ్చని చూపించాడు. పీల్చే మత్తుకీ గుండెకీ మధ్య ఏం జరుగుతుందన్న వాదన మన ఊళ్లోనే ఒకప్పుడు అంత సీరియస్‌గా నడిచింది.

నంబర్‌ని నమ్మి దెబ్బతిన్న కథ ఇంకా పెద్దది ఒకటుంది, క్లుప్తంగా చెప్తా. హార్ట్ ఎటాక్ తర్వాత ఈసీజీలో అదనపు బీట్లు వస్తే ప్రమాదమని వాటిని తగ్గించే మందులు ఇచ్చేవారు. బీట్లు తగ్గాయి కూడా. 1989లో కాస్ట్ అనే ట్రయల్‌లో చూస్తే ఆ మందు తీసుకున్నవాళ్లే ఎక్కువమంది చనిపోయారు. ఈసీజీ కాగితం బాగుంది, మనిషి లేడు. ఆ లెక్కన మత్తు గ్యాస్ కథ నయం, లాభం తేలకపోయినా నష్టం కూడా కనపడలేదు.

కాబట్టి "ఏ గ్యాస్ ఇస్తారు సార్" అని అడగడం కంటే పనికొచ్చే ప్రశ్నలున్నాయి. మిరియాడ్ తర్వాత, బతికే అవకాశం విషయంలో రెండు దారులూ సమానమే. మీ మత్తు డాక్టర్‌కి ఏది బాగా అలవాటో, ఏది మీ నాన్న ఒంటికి సరిపోతుందో అది వాడనివ్వండి. మీరు చేయాల్సింది ఆయనకి నిజాలు చెప్పడం. వాడుతున్న ప్రతి బిళ్ల స్ట్రిప్ ఫోటో తీసి పట్టుకెళ్లండి, ముఖ్యంగా షుగర్ బిళ్లలు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి ఆపరేషన్‌కి కనీసం మూడు రోజుల ముందే ఆపిస్తారు. కానీ ఈ వీడియో చూసి మీరంతట మీరు ఏదీ ఆపకండి, డాక్టర్ చెప్పిన రోజునే ఆపండి.

ఇంకొకటి మాత్రం అస్సలు మర్చిపోవద్దు. మీ ఇంట్లో, నాన్న వైపు గానీ నానమ్మ వైపు గానీ, ఎవరికైనా మత్తు ఇచ్చాక ఒళ్లు విపరీతంగా వేడెక్కి, కండరాలు బిగుసుకుపోయి ప్రాణం మీదికి వచ్చిందా? దాన్ని మాలిగ్నెంట్ హైపర్‌థెర్మియా అంటారు, వంశంలో వస్తుంది, చాలా అరుదు. అలాంటి కుటుంబంలో మనిషికి మేం ఈ పీల్చే మందులేవీ వాడం, సిర మందుతోనే చేస్తాం, డాంట్రోలీన్ అనే విరుగుడు మందు కూడా దగ్గర పెట్టుకుంటాం. గ్యాసా, సిర మందా అన్నది నిజంగా ప్రాణం మీదికి వచ్చే సందర్భం ఇదే. ఆ సంగతి మాకు ల్యాబ్ రిపోర్ట్‌లో కనపడదు, మీ నానమ్మని అడిగితే తెలుస్తుంది. ఆపరేషన్ ముందు రోజు మా జూనియర్ డాక్టర్ ఫారం పట్టుకుని వచ్చి అడిగినప్పుడు, "ఏం లేదండి" అని తొందరగా సంతకం పెట్టేయకుండా, ఒక ఫోన్ చేసి ఊళ్లో పెద్దవాళ్లని కనుక్కుని చెప్పండి.