ఆదాయం వేరు, ఆస్తి వేరు
(సిద్దిపేట రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



మా చిన్నాయన కొడుకు హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ నౌకరీ చేస్తడు. మొన్న పండుగకు వచ్చి, రాజీవ్ రహదారి పక్కన నాకున్న రెండెకరాలు చూసి, "నీకేందన్నా, కోటీశ్వరునివి, పైస టాక్స్ కట్టవు" అన్నడు. అమ్మితే కోటీశ్వరున్నే. అమ్మకపోతే? వానకాలం వరిల పెట్టుబడి పోను మిగిలింది బిడ్డ కాలేజీ ఫీజుకు చాలలేదు.

తమ్ముడి మాటల సగం నిజముంది. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు. కానీ పురుగుమందు మీద 18 శాతం జీఎస్టీ, డీజిల్ మీద వ్యాట్ మనమే కడుతున్నం. ఆయనకు జీతం పెద్దదే, చేతికి రాకముందే పన్ను కోస్తరు. నౌకరీ పోతే ఫ్లాటు బ్యాంకుదే. ఆయనా ఆస్తిపరుడు కాదు, నేనూ కాదు.

మరి ఆస్తిపరులెవరు? వారసత్వ ఆస్తి మీది పన్ను 1985ల తీసేసిన్రు. సంపద పన్ను 2015 బడ్జెట్‌ల తీసేసిన్రు. ఎవరి కోసమో మీకే తెలుసు. 2018ల రైతుబంధు వచ్చింది, ఎకరానికి పంటకు 4,000. యాభై ఎకరాల పట్టా ఉన్నాయనకు 2 లక్షలు, ఆ భూమి దున్నే కౌలుదారుకు సున్న. అప్పుడు మనం కూడా గట్టిగ అడగలే, నాతో సహా.

వ్యవసాయం మీద పన్ను అనంగనే మనం ఉలిక్కిపడి, ప్లాట్ల కోసం పొలాలు కొని పడావు పెట్టినోళ్లకు అడ్డం నిలబడుతున్నం. ఈసారి తహసీల్దారుకిచ్చే వినతిపత్రంల కౌలురైతు గుర్తింపు కార్డు మాట మొదటి వరుసల రాద్దాం.