పదకొండు అక్షరాల అప్పు

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంగ్లీషు లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాను కాబట్టి, పిల్లలకు ఇంగ్లీషు గురించి నాలుగు మంచి మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. మంచి మాటలతోపాటు నేను చేసిన ఒక తప్పు కూడా చెప్పాలి. రెండూ ఒకే ఆటలో ఉన్నాయి.

1972లో నేను తొమ్మిదో తరగతి. మనది తెలుగు మీడియం. ఇంగ్లీషంటే వణుకు. ఆ వణుకు పోగొట్టడానికి మా ఇంగ్లీషు మాస్టారు శనివారం ఆఖరి పీరియడులో ఒక ఆట ఆడించేవారు. బోర్డు మీద కొన్ని అక్షరాలు రాసి, అవన్నీ వచ్చే పదాల్లో ఎవరు పొడుగైనది తెస్తారో చూసేవారు. అవధానంలో న్యస్తాక్షరి చూసినవారికి ఇది కొత్త కాదు. అక్కడ పృచ్ఛకుడు ఫలానా చోట ఫలానా అక్షరం రావాలంటాడు, అవధాని పద్యం చెబుతాడు. మాకు పద్యం అక్కర్లేదు, ఒక్క పదం చాలు.

ఒక శనివారం ఆయన ఐదు అచ్చులు రాశారు. ఏ, ఈ, ఐ, ఓ, యూ. ఐదూ రావాలి, ఒక్కొక్కటి ఒక్కసారే రావాలి. వారం గడువు. గెలిచినవాడికి జేబు డిక్షనరీ.

ఎలా వెతకాలో కూడా ఆయనే చెప్పారు. పిల్లలూ, ఇది మీకూ పనికొస్తుంది. పదాన్ని తోక నుంచి పట్టుకోవాలి. 'షన్' అని పలికే తోకలో టీ, ఐ, ఓ, ఎన్ ఉంటాయి. అంటే రెండు అచ్చులు వచ్చేసినట్టే. ఇక ఏ, ఈ, యూ మూడూ ముందు ఇమిడితే చాలు. ఎడ్యుకేషన్, తొమ్మిది అక్షరాలు. రెగ్యులేషన్, ప్రికాషన్, పదేసి. 'అస్' అనే తోక పట్టుకుంటే ఓ, యూ దొరుకుతాయి. ఫెసీషస్ అనే మాట అలాంటిదే. పరాచికంగా మాట్లాడేవాడని అర్థం. అందులో ఐదు అచ్చులూ ఏ నుంచి యూ దాకా వరుస తప్పకుండా వస్తాయి.

రెండో కిటుకు, అరుదైన దానికి ముందు చోటు చూడాలి. అమెరికాలో ఆల్ఫ్రెడ్ బట్స్ అనే ఆర్కిటెక్టు 1930లలో స్క్రాబుల్ ఆటకు రూపం ఇచ్చేటప్పుడు పత్రికల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టాడు. ఆ ఆటలో వంద బిళ్ళలుంటాయి. ఈ అక్షరానికి 12, ఏ, ఐలకు తొమ్మిదేసి, ఓకి 8, యూకి నాలుగే. అచ్చుల్లో పిసినారి యూ. ముందు దాన్ని కూర్చోబెడితే మిగతావి దారికొస్తాయి.

తరగతంతా పది అక్షరాల దగ్గర ఆగిపోయింది. శుక్రవారం మధ్యాహ్నం నా పక్కన కూర్చునేవాడు నా చెవిలో అన్నాడు: "ఒరే, కాలీఫ్లవర్ లెక్కపెట్టి చూడు. చెబితే నవ్వుతారేమో."

వాళ్ళ నాన్న కాలవ గట్టున కౌలు పొలంలో కూరగాయలు పండించేవాడు. వీడు బడికొచ్చే ముందు మళ్ళకు నీళ్ళు పెట్టి వచ్చేవాడు. ఖాళీ అయిన విత్తనాల పొట్లం పుస్తకంలో గుర్తుగా పెట్టుకునేవాడు. దాని మీద ఇంగ్లీషులో ఆ పేరుంది. సీ, ఏ, యూ, ఎల్, ఐ, ఎఫ్, ఎల్, ఓ, డబ్ల్యూ, ఈ, ఆర్. పదకొండు.

మాకెవరికీ ఎందుకు తట్టలేదో తర్వాత నాకు అర్థమైంది. మనం తెలుగువాళ్ళం మాటను చెవితో పట్టుకుంటాం. మనకు పలికిందే రాత. కాలీఫ్లవర్ అని వింటే ఏ, యూ రెండూ కలిసి ఒక్క 'కా'లో దాక్కుంటాయి. చెవికి ఐదు అచ్చులు అందవు. వాడు దాన్ని రోజూ కంటితో చూశాడు కాబట్టి పట్టుకున్నాడు.

శనివారం మాస్టారు అడిగారు, "ఎవరికైనా దొరికిందా?" వాడు తల దించుకుని ఉన్నాడు. నేను లేచాను. పదం చెప్పాను. తరగతి చప్పట్లు కొట్టింది. "ఎలా దొరికిందిరా?" అన్నారు. "డిక్షనరీలో వెతికానండీ" అన్నాను. మా ఇంట్లో డిక్షనరీయే లేదు. ఆయన తన డిక్షనరీ మీద నా పేరు రాసి, సంతకం చేసి ఇచ్చారు.

వాడు ఏమీ అనలేదు. సంక్రాంతి సెలవుల తర్వాత బడికి రాలేదు. వాళ్ళ నాన్న మంచాన పడ్డాడని, పొలం వీడే చూసుకుంటున్నాడని విన్నాను. నేను మాత్రం ఆ డిక్షనరీతో ఇంటరు, డిగ్రీ, ఎమ్మే చదివాను. 33 ఏళ్ళు పాఠాలు చెప్పాను. ప్రతి ఏడూ ఈ ఆట ఆడించాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఈ సభకు ఆహ్వానం వచ్చాక, పోయిన నెల వాడి ఊరు వెళ్ళాను. ఇప్పటికీ కూరగాయలే. అట్ట ఊడిన డిక్షనరీ చేతికిచ్చి క్షమించమన్నాను. వాడు చాలాసేపు పేజీలు తిప్పి, "నేను చెప్పుంటే నవ్వేవాళ్ళేరా. నువ్వు చెప్పావు గనకే చప్పట్లు కొట్టారు" అన్నాడు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. తర్వాత వాడే అడిగాడు, "అంతకంటే పెద్దది దొరికిందా?"

దొరికిందన్నాను. సబ్‌కాంటినెంటల్, అంటే ఉపఖండానికి చెందిన అని అర్థం. పద్నాలుగు అక్షరాలు, అచ్చులు యూ నుంచి ఏ దాకా తలకిందులుగా వస్తాయి. అన్‌కాపీరైటబుల్, పదిహేను. ఏ అక్షరమూ రెండోసారి రాదు. దాని అర్థం అడిగాడు. ఎవరూ తమ పేరిట హక్కు రాయించుకోలేనిదని చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే అదోలా ఉంది. వాడు వేళ్ళ మీద లెక్కపెట్టుకుని నవ్వాడు. "బాగానే ఉన్నాయి గానీ, వాటితో కూర వండుకోలేం కదరా!"

సభకు రమ్మని పిలిచాను. "మీది పూర్వ విద్యార్థుల సంఘం. నేను పది పాసవలేదుగా" అన్నాడు. వచ్చి మన రిజిస్టరు చూశాను. నిజమే. పదో తరగతి పూర్తిచేసినవారి పేర్లే ఉన్నాయి. మధ్యలో పుస్తకాల సంచి దించేసి పొలానికి, దుకాణానికి, అత్తారింటికి వెళ్ళినవారి పేర్లు లేవు. వాళ్ళూ ఇక్కడే చదివారు. మనతో ఆడారు, మనకు అందించారు. కొందరి మాట మనం మన పేరున చెప్పుకున్నాం.

కార్యవర్గానికి నా మనవి ఒకటే. ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో పాత హాజరుపట్టీలు తీయించండి. ఈ బడిలో ఒక్క ఏడాది కూర్చున్నవారైనా సభ్యులేనని నిబంధన మార్చండి. హాజరుపట్టీల నుంచి పేర్లు రాసే పని నాకివ్వండి, నేను చేస్తాను. మొదటి పేరు ఎవరిదో ఇప్పటికే మీకు తెలిసి ఉంటుంది.

పిల్లలూ, ఆ ఐదు అచ్చులూ ఇవాళ మీకిస్తున్నాను. వెతకండి. పక్కవాడు చెబితే, పక్కవాడు చెప్పాడని చెప్పండి.

సెలవు.