బహిరంగ పత్రభాండారములలో శోధన
(రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాస పాఠము)



ఒక పల్లెలో గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలుచుట సామాన్య విషయము కాదు. గ్రంథము అచ్చయిన పిమ్మట గ్రంథాలయమునకు వచ్చును. కాని గ్రంథమునకు మూలమైన కాగితము, అనగా ఉత్తరువు, అర్జీ, జాబు, లెక్క, చిరకాలము కచేరీల బీరువాలలో తాళము క్రింద నుండెను. నేడు అట్టి కాగితములలో కొన్ని బహిరంగములై, వాని ఛాయాప్రతులు కంప్యూటరు తెరమీద ఎల్లవారికిని కనబడుచున్నవి. తాళము తీయుట ఒక పని. లోపలనున్న దానిని వెదకి, చదివి, అర్థము చేసికొనుట వేఱొక పని. ఈ రెండవ పనికి గ్రంథాలయమును మించిన చోటు లేదు.

ఆంధ్రదేశమునకు ఈ శోధన క్రొత్తది కాదు. కర్నల్ కాలిన్ మెకంజీ కొలువులో కావలి వెంకట బొఱ్ఱయ్య, ఆయన తమ్ములు లక్ష్మయ్య, రామస్వామి గ్రామముల చరిత్రలను సేకరించిరి. కరణముల కవిలెలు, స్థలపురాణములు, శాసన ప్రతులు ఆ విధముగా కైఫీయతులై నిలిచినవి. బొఱ్ఱయ్య 1803లోను, మెకంజీ 1821లోను మరణించిరి. తరువాత సి. పి. బ్రౌను ఆ శిథిల పత్రములకు ప్రతులు వ్రాయించెను. 1905లో బటర్‌వర్తు, వేణుగోపాలు చెట్టి అనువారు నెల్లూరు జిల్లా శాసనములను తాలూకాల వారీగా మూడు సంపుటములలో ప్రకటించిరి. వీరు వెదకి యుండనిచో, నేడు వెదకుటకు వస్తువే యుండెడిది కాదు.

ఇక శోధించు విధము. సంగమువద్ద పెన్నకు అడ్డముగా 1882 మొదలు 1886 వఱకు ఆనకట్ట నిర్మింపబడెను. 2022లో క్రొత్త బ్యారేజి ప్రారంభింపబడినది. పాత ఆనకట్ట కాగితములను చూడగోరు యువకుడు ‘సంగం’ అని కంప్యూటరులో కొట్టిన ఏమగును? తమిళ సంగ సాహిత్యము వచ్చును. గుంటూరు జిల్లాలోని సంగం జాగర్లమూడి వచ్చును. దేశమందలి నదీసంగమములన్నియు వచ్చును. తనకు కావలసిన ఒక్క కాగితమును రాకపోవచ్చును.

కావున మొదట తెలియవలసినది కాగితము ఎవరి కచేరీలో పుట్టినదో. నెల్లూరు జిల్లా 1953 అక్టోబరు 1వ తేదీ వఱకు మదరాసు పాలనలో నుండెను. ఆనాటి రెవిన్యూ బోర్డు కార్యక్రమములు, ప్రభుత్వపు ఉత్తరువులు చెన్నపట్టణమందలి ఎగ్మూరు పత్రభాండారమున వెదకదగినవి. రెండవది, ఆనాటివారు పేరును ఎట్లు వ్రాసిరో తెలియవలెను. కడపను ఇంగ్లీషువారు ‘కడ్డపా’ అనిరి. పెన్నను ‘పెన్నార్’ అనిరి. ‘అ’ యను ధ్వనికి ఒకరు ‘ఏ’ అక్షరమును, మఱియొకరు ‘యు’ అక్షరమును వాడిరి. ఒక వ్రాతతో వెదకినవానికి రెండవ వ్రాతలోని కాగితము దొరకదు. మూడవది కాలగణనము. రెవిన్యూ లెక్కలు ఫసలీ సంవత్సరములలో నుండును. ఫసలీకి 590 కలిపినచో ఆ సంవత్సరము ఆరంభమైన క్రీస్తుశకము తెలియును. ఫసలీ 1296 అనగా 1886 జూలై మొదలు 1887 జూను వఱకు అని గ్రహింపవలెను. శాసనములలోని శకవర్షమునకు సామాన్యముగా 78 కలుపుదురు.

మఱియొక చిక్కు కలదు. స్కాను చేసిన పుట యంత్రమునకు చిత్రము వంటిది. చిత్రములోని గీతలను అక్షరములుగా గుర్తించిన తరువాతనే యంత్రము వెదకగలదు. చక్కని ఇంగ్లీషు అచ్చును అది బాగుగనే చదువును. తెలుగు వత్తులవద్ద, గుడిదీర్ఘములవద్ద, శకటరేఫ వద్ద తడబడును. చేతివ్రాతవద్ద మఱింత తడబడును. కనుక యంత్రము ‘ఫలితములు లేవు’ అని చెప్పినంతమాత్రమున కాగితము లేదని తలపరాదు. దొరకలేదనుట వేఱు, లేదనుట వేఱు. అట్టియెడ సూచిక పట్టికను తెఱచి, తేదీల క్రమమున ఒక్కొక్క పుటను కంటితో చూచుటయే మార్గము. పూర్వులు తాటాకులను చదివిన ఓర్పు ఇచ్చటను కావలెను.

కాగితములతోపాటు ఇప్పుడు ఈ-మెయిలు జాబులును బహిరంగమగుచున్నవి. 2005 నాటి సమాచారహక్కు చట్టము ‘సమాచారము’ అను పదమునకు చెప్పిన అర్థములో ఈ-మెయిళ్ళను స్పష్టముగా చేర్చినది. అడిగినవానికి సామాన్యముగా ముప్పది దినములలో ప్రత్యుత్తర మీయవలెను.

ఈ విషయమున అమెరికా దేశపు ఉదాహరణ మొకటి గమనింపదగినది. మహారాష్ట్రలోని దాభోలు విద్యుత్కేంద్రమువలన మనదేశమునకు పరిచితమైన ఎన్‌రాన్ సంస్థ 2001 డిసెంబరులో దివాలా తీసెను. అచ్చటి ఇంధన నియంత్రణ సంఘము విచారణలో భాగముగా ఆ సంస్థ ఈ-మెయిళ్ళను 2003లో బహిరంగపఱచెను. పండితులు వాడుచున్న ప్రతిలో సుమారు 150 మంది ఉద్యోగులకు చెందిన దాదాపు అయిదు లక్షల జాబులు కలవు. వానిలో వ్యాపార రహస్యములు మాత్రమే లేవు. ఏ నేరముతోను సంబంధము లేనివారి కుటుంబ విషయములు, స్వంత వివరములు కూడ ఉండెను. తరువాత కొందఱు కోరగా కొన్ని జాబులు తొలగింపబడినవి. కాని ఒకసారి లోకమున పడిన ప్రతిని పూర్తిగా వెనుకకు తీసికొనుట సాధ్యమా?

దీనివలన నేర్వదగిన నీతులు కలవు. జాబులో ఒకరి పేరు కనబడినంతనే ఆయన దోషి కాడు. ఆ జాబు ఎవరు వ్రాసిరి, ఎవరికి వ్రాసిరి, ఏ తేదీన, దేనికి ప్రత్యుత్తరముగా, ఇవి చూడవలెను. ఒకే జాబు పదిమందికి పంపబడినచో పది ప్రతులుండును. అవి పది సాక్ష్యములు కావు. ప్రభుత్వము నల్లసిరాతో కప్పిన పంక్తులలో ఏమున్నదో ఊహించి చెప్పుట శోధన కాదు, కల్పన. అన్నిటికంటె పెద్ద ప్రమాదము, ముందే నిశ్చయించుకొన్న మాటకొఱకు వెదకుట. అంత పెద్ద రాశిలో ఏ మాటకైనను ఒక ముక్క దొరకును. తన అభిప్రాయమునకు విరుద్ధమైన కాగితమునుకూడ వెదకినవాడే శోధకుడు.

ఇది పల్లెవారికేల అని కొందఱు అనవచ్చును. పల్లెవారికే ఎక్కువగ కావలెను. చెఱువు పోరంబోకు హద్దు, కాలువ వంతు, గుడి మాన్యము, ఇవి వివాదమైనపుడు న్యాయస్థానము అడుగునది పాత దాఖలానే. 1858 తరువాత ఇనాము కమీషను తయారుచేసిన రిజిష్టరులో ఒక్క పంక్తి, రీసెటిల్మెంటు రిజిష్టరులో ఒక్క గడి, ఒక కుటుంబము జీవనాధారమును నిలుపును, లేక తీయును. ఆ పంక్తిని తానుగా చదువలేని రైతు మధ్యవర్తి చెప్పిన మాటను నమ్మి, ఉన్న ఎకరమును తాకట్టు పెట్టి వ్యాజ్యమాడును. తెరమీద కనబడిన ప్రతి దారి చూపును; న్యాయస్థానమునకు మాత్రము సంబంధిత కచేరీ ఇచ్చిన ధ్రువీకృత ప్రతియే కావలెనని కూడ అతనికి చెప్పువారుండవలెను.

కావున గ్రామ గ్రంథాలయము చేయదగిన పని స్పష్టము. ఒక కంప్యూటరు, దానిప్రక్కన ఒక చిట్టా పుస్తకము ఉండవలెను. వెదకినవారు ఏ భాండారములో, ఏ మాటలతో, ఏ సంవత్సరములలో వెదకిరో, ఏమి దొరకెనో, ఏమి దొరకలేదో, తేదీతో సహా అందు వ్రాయవలెను. తరువాత వచ్చినవాడు మొదటినుండి త్రవ్వనక్కఱలేదు. ఊరిలోని పెద్దల ఇండ్లలో చెదలు పట్టుచున్న దస్త్రములకు, వారి అనుమతితో, ఛాయాప్రతులు తీయవలెను. జీవించియున్నవారి స్వంత విషయములున్న పుటలను బయట పెట్టరాదు. చదువుకొన్న యువకులు వారమునకొక సాయంకాలము చదువురానివారి ప్రక్కన కూర్చుండి వారి కాగితమును వారికి చదివి వినిపింపవలెను.

పెన్న నీరు ఆనకట్ట వెనుక నిలిచినంతమాత్రమున పైరు పండదు. కాలువ తీయవలెను, గట్టు వేయవలెను, మడికి మళ్ళింపవలెను. భాండారములలో నిలిచిన విజ్ఞానమును ప్రజల గడపకు మళ్ళించు కాలువ గ్రంథాలయమే. ఈ ఇరువదియైదేండ్లు పుస్తకములను కాపాడిన సంస్థ, రానున్న ఇరువదియైదేండ్లు ప్రజల దాఖలాలకును దారి చూపుగాక.